కట్టు మీద తడి చెయ్యి

మా నాన్న కాలి గురించి ఎవరైనా జాలిగా పలకరిస్తే నాకిప్పటికీ ఒళ్లు మండిపోతుంది. ఇప్పుడెందుకండీ జాలి? అవసరమైనప్పుడు ఒక్క మాట సరిగ్గా అడిగినవాళ్లు లేరు, చెప్పినవాళ్లు లేరు. ఆ వరసలో మొదట నిలబడాల్సింది నేనే కాబట్టి మంట ఇంకా ఎక్కువ.

నాన్న ధవళేశ్వరంలో లాకుల దగ్గర లస్కరుగా చేసి రిటైరయ్యారు. ముప్పయ్యేళ్లు కాలవ గేట్లు ఎత్తుతూ దించుతూ నీళ్లలో నానిన కాళ్లు ఆయనవి. తర్వాత షుగర్ వచ్చి అరికాళ్లు మొద్దుబారాయి. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పోయిన వానాకాలంలో కుడికాలి బొటనవేలి కింద పుండు లేచింది. రాజమండ్రి డాక్టరు గారు కట్టు కట్టి రెండు మాటలు చెప్పారు. తడి తగలనివ్వొద్దు. రోజూ కట్టు విప్పి చూసి, మందు రాసి మళ్లీ కట్టాలి.

నా చెవికి మొదటి మాటే ఎక్కింది. ఎందుకంటే నాన్నకి ఐదు పూటలా నమాజు తప్పదు. నమాజుకి ముందు వుజూ చెయ్యాలి. చేతులు, నోరు, ముఖం కడిగి, తల తడిచేత్తో తుడిచి, చివర చీలమండల దాకా కాళ్లు కడగాలి. షుగర్ మనిషికి ఒక వుజూ రెండో నమాజు దాకా ఎక్కడ నిలుస్తుంది? గంటకోసారి బాత్‌రూమ్‌కి వెళ్లొస్తే మళ్లీ మొదలు.

రెండో మాటకి నాన్నే అడ్డుపడ్డారు. "నా కాళ్లు నువ్వు పట్టుకోవడమేంటమ్మా? నేను కట్టుకుంటాలే" అన్నారు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను, పొద్దున్న ఏడున్నరకల్లా బస్సెక్కాలి. సరే అన్నాను. నిజం చెప్పొద్దూ, లోపల హమ్మయ్య అనుకున్నాను.

కాళ్లు కడగకుండా దారుందా అని ఫోన్లో వెతికాను. ఒక వీడియోలో ఒకాయన, మేజోళ్ల మీద తడిచేత్తో తుడిస్తే చాలన్నారు. ఇంకేం, నాన్నకి కట్టు మీద నూలు సాక్స్ తొడిగి, సాయంత్రం స్కూటీ మీద మసీదుకి తీసుకెళ్లాను. నేను గేటు బయటే ఆగాను. కాసేపటికి వుజూ కొళాయిల దగ్గర కమిటీ పెద్దాయన గొంతు వీధిలోకి వినిపించింది.

"ఏంటండి ఇది! గుడ్డ మీద తుడిస్తే వుజూ అవుద్దా? నీళ్లు దిగిపోయే గుడ్డ మీద చెల్లదండి. తోలు మేజోళ్లయితేనే చెల్లుద్ది. కాళ్లు కడుక్కోడానిక్కూడా ఇంత బద్ధకమేంటండి?"

బద్ధకమా! అర్ధరాత్రి వరదొచ్చినా లాకుల మీద నిలబడ్డ మనిషికి బద్ధకమా! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాన్న మాత్రం "ఆయ్, తప్పేనండి" అని, చివరి కొళాయి దగ్గరికి వెళ్లి, అందరికీ వీపు పెట్టి కూర్చుని కాళ్లు కడుక్కున్నారు. నాకు ఆయన వంగిన వీపే కనబడింది.

"పుండుందని చెప్పొచ్చుగా నాన్నా!" అని తిరిగొచ్చే దారిలో అరిచాను.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుద్దమ్మా. మసీదులో నలుగురికీ నా పుండు చూపించుకోవాలా?"

నాకు పంతం వచ్చింది. తోలు కావాలా, తోలే తెస్తాను, ఎవడు నోరెత్తుతాడో చూస్తాను! హైదరాబాద్ నుంచి తెప్పించాను. నల్లటి మెత్తటి తోలు, పక్కన జిప్పు. వాటి పద్ధతంతా కూర్చుని నేర్చుకున్నాను. కాళ్లు కడిగి, వుజూతో ఉండగానే తొడగాలి. ఆ తర్వాత ఊళ్లో ఉన్నవాళ్లకి ఒక పగలు, ఒక రాత్రి గడువు. ప్రయాణంలో ఉన్నవాళ్లకి మూడేసి. ఆ గడువులో ప్రతి వుజూకీ పాదం పైభాగాన తడివేళ్లతో తుడిస్తే చాలు. మధ్యలో విప్పితే మాత్రం మళ్లీ కాళ్లు కడగాల్సిందే. అన్నిసార్లు తడిసే కాలు రోజుకి ఒక్కసారే తడుస్తుంది, వెంటనే తుడిచి కట్టు కట్టుకుంటారులే అనుకున్నాను.

"నిడదవోలు వెళ్లొస్తే మూడు రోజులిస్తారేమో" అని నాన్న నవ్వారు. అంత దగ్గరైతే ప్రయాణం కింద లెక్కలోకి రాదని చెప్పాను. లెక్కల టీచర్ని కదా, గడువుకి ఫోన్లో అలారం కూడా పెట్టాను. "మధ్యలో విప్పకండి నాన్నా" అని రోజూ బస్సెక్కే ముందు నేనే హెచ్చరించాను. మసీదులో పెద్దాయన ఆ తోలు చూసి "ఇదీ పద్ధతి" అన్నారట. గెలిచాననుకున్నాను, బుద్ధి లేనిదాన్ని.

వారం తిరక్కుండానే ఇంట్లో ఒక వాసన మొదలైంది. కొత్త తోలు కంపులే అని కిటికీలు తెరిచాను. మర్నాడు నాన్నకి చలిజ్వరం వచ్చి మంచం ఊగిపోయింది. అప్పుడు తట్టింది నాకు. వద్దంటున్నా వినకుండా జిప్పు లాగాను. బొటనవేలు నేరేడుపండు రంగులో ఉంది. కట్టు లేదు.

"కట్టు ఏది నాన్నా?"

"గుడ్డ మీద చెల్లదన్నారు కదమ్మా. కట్టు కూడా గుడ్డేగా. తెల్లారి కాళ్లు కడిగేటప్పుడు విప్పేసేవోణ్ణి. తడికాలి మీద మళ్లీ కడితే నిలవట్లేదు. పైన తోలుందిగా అని మానేశాను."

రోజూ పొద్దున్నే పుండుని నీళ్లతో కడిగి, ఆ తడి మీదే తోలు బిగించి, మర్నాటి దాకా విప్పకుండా కూర్చున్నారు. నా అలారం మోగేదాకా.

రాజమండ్రి ఆసుపత్రిలో వేలు తీసేశారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాం. రెండో రోజు ఇమాం గారు చూడ్డానికొచ్చారు. చిన్న వయసు, మెత్తటి మనిషి. నేను జరిగిందంతా చెబితే ఆయన తల పట్టుకున్నారు.

"కట్టు సంగతి వేరండి. గాయానికి కట్టుంటే ఆ కట్టు మీదే తడి చెయ్యి రాస్తే చాలు. గుడ్డయినా, పిండికట్టయినా ఒకటే. గడువు కూడా లేదండి, మానేదాకా అంతే. అడిగుంటే ఆ రోజే చెప్పేవోణ్ణి."

సాయంత్రం పెద్దాయన బత్తాయిలు పట్టుకొచ్చారు. నాలో ఉన్నదంతా కక్కేశాను. "సాక్స్ ఏ గుడ్డో చూశారు! లోపల కాలెలా ఉందో అడిగారా? బద్ధకమని నలుగురిలో అరిచేముందు, ఎందుకు వేసుకున్నారండీ అని ఒక్క మాట అడిగితే మీ సొమ్మేం పోయింది?"

ఆయన బత్తాయిల సంచి మంచం పక్కన పెట్టారు. "కాలికి పుండుందని నాకెవరు చెప్పారమ్మా?" అన్నారు.

ఎవరు చెప్పారు? గేటు బయట స్కూటీ మీద కూర్చుని ప్రతి మాటా విన్నదాన్ని. లోపలికి నాలుగడుగులు వేసి "మా నాన్నకి పుండండి" అంటే సరిపోయేది. ఆడదాన్ని ఎలా వెళ్తానని ఆగిపోయి, ఇంటికొచ్చి నాన్న మీద అరిచాను. ఆ పెద్దాయన మీద కోపం పోలేదు, పోనివ్వను కూడా. నా మీద కోపానికి మందు దొరకలేదు.

ఇప్పుడు కట్టు నేనే కడుతున్నాను. నాన్న కాలు ఇస్తున్నారు, ముఖం మాత్రం గోడవైపు తిప్పుకుంటారు. ఇంటికొచ్చిన మర్నాడు మగ్గుతో నీళ్లందించాను. ఎడమకాలు కడిగారు. కుడికాలి కట్టు మీద తడివేళ్లు మెల్లగా జరిపి, చివరికి బొటనవేలు లేని చోటికొచ్చేసరికి ఆపేశారు.

"ఇక్కడ కూడా తుడవాలా అమ్మా?"

జవాబు నోటిదాకా వచ్చింది, తెలిసినట్టే. మింగేశాను. మగ్గు అక్కడ పెట్టి, చున్నీ తల మీదికి లాక్కుని, ఇమాం గారిని అడగడానికి మసీదు గేటు దాటి లోపలికి వెళ్లాను.