వడియాల కాపలా

ఇంత వయసొచ్చాక, మొగుడి సంవత్సరీకానికి కాకి రాకుండా చేసుకున్న ఆడదాన్ని ఎక్కడైనా చూశారా మీరు? చూడకపోతే చూసుకోండి. టీ గ్లాసు పట్టుకుని మీ ఎదురుగుండానే కూర్చున్నాను. సుబ్బలక్ష్మి వదినకి సగం తెలుసు, చివరికి అయ్యింది ఆవిడ గోడ మీదే కదా. మిగతా సగం ఆవిడక్కూడా తెలీదు. నవ్వుకుంటారో తిట్టుకుంటారో మీ ఇష్టం, మధ్యలో మాత్రం ఆపకండి. ఆపితే మళ్ళీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదు.

దీనికంతటికీ మూలం వడియాలు.

మా ఆయన సంగతి మీకు తెలియంది కాదు. ముద్దపప్పు గానీ పప్పుచారు గానీ, పక్కన గుమ్మడి వడియాలు లేకపోతే ఆ అన్నం అన్నమే కాదు. అలాంటి మనిషికి బీపీ అన్నారు డాక్టరు గారు. ఉప్పు తగ్గించాలి, ఊరగాయలు వద్దు, అప్పడాలు వడియాలు అసలు ముట్టుకోకూడదు అన్నారు. ఈయన బుద్ధిమంతుడిలా బుర్ర ఊపి వచ్చేశారు. ఊపింది ఆయనా, పాటించాల్సింది నేనూ. వడియాల డబ్బా అటక ఎక్కించేశాను. ఇంక రోజూ భోజనం దగ్గర గొడవే.

"ఒక్కటంటే ఒక్కటి వేయించవే."

"ఒక్కటి కాదు, తునక కూడా లేదు. డాక్టరు గారు వద్దన్నారు."

పోయిన ఏడాది వైశాఖంలో ఆ రోజూ అంతే. పప్పుచారు కలుపుకుని అడిగారు. నేను ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. ఆ రోజు మాత్రం సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. కోపం వస్తే రానీలే, రాత్రికి అదే దిగుతుంది అనుకున్నాను. రాత్రి దాకా ఎక్కడుంది? సాయంత్రం నాలుగింటికి మడత కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారు.

అందరూ ఓదార్చారు. "మంచికే చేశావు, నీ తప్పేముంది" అన్నారు. మంచికే చేశానండి, కాదన్నదెవరు? కానీ మనిషిని ఆకలితో పంపాను. ఏడాది పాటు పప్పుచారు కలుపుకున్నప్పుడల్లా గొంతుకి అదే అడ్డం పడేది. పోయే మనిషి ఎలాగూ పోయారు, ఒక్క వడియం పెట్టి ఉంటే నా సొమ్మేం పోయేది?

అందుకని ఒట్టు పెట్టుకున్నాను. సంవత్సరీకానికి ఆయన ఆకులో వడియాలు ఉండాలి. బజారువి కాదు, కోడలు పెట్టినవి కాదు, నా చేత్తో పెట్టినవి. ఆయన వచ్చి తినాలి. ఆ ఒక్కటీ అయిపోతే నాకు ఇంకేం అక్కర్లేదు.

ఎండలు ముదరగానే మొదలుపెట్టాను. బూడిదగుమ్మడికాయ మా పాదుదే. ఆడవాళ్ళు కొట్టకూడదంటారుగా, మా అబ్బాయి సత్తిబాబు చేత కొట్టించాను. ముక్కలకి ఉప్పూ పసుపూ వేసి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా బరువు పెట్టి నీరు పిండాను. మినప్పప్పు గ్రైండర్లో వేసేస్తానంది మా కోడలు పద్మ. ఈసారికి రుబ్బురోలే అన్నాను.

"నడుం పట్టేస్తుంది అత్తయ్యా."

"పట్టనీ."

పట్టిందనుకోండి, అది వేరే సంగతి. తెల్లారకుండా డాబా మీద పాత చీర పరిచి, వరసలు వరసలుగా పెట్టి, నడుం పట్టుకుని కిందకి దిగానో లేదో, కాకులు. ఊళ్ళో కాకులన్నీ మా డాబా మీదే. నేను మళ్ళీ మెట్లెక్కేసరికి సగం చీర ఖాళీ. ఏడుపొచ్చింది నాకు. నిజంగానే కూర్చుని ఏడ్చాను. చిన్నపిల్లలా వడియాల కోసం ఏడ్చే ముసలిదాన్ని చూసి మా మనవరాలు చిట్టి కంగారుపడిపోయి నీళ్ళు తెచ్చింది.

అప్పుడొచ్చిందండీ నాకు బ్రహ్మాండమైన ఐడియా. అటక మీద ఆయన గొడుగు ఒకటుంది, ఊచలు విరిగిపోయి. ఆ నల్లగుడ్డ ఊడదీశాను. రెండు రెక్కలు చేసి, తోకలా ఒక పీలిక వేలాడేసి, కొబ్బరిమట్టకి తలకిందులుగా కట్టాను. కాస్త దూరం నుంచి చూస్తే అచ్చం చచ్చిన కాకే. కాకులన్నీ చుట్టూ చేరి ఓ అరగంట గగ్గోలు పెట్టాయి. పెట్టి పెట్టి వెళ్ళిపోయాయి. చూసి మురిసిపోయాను.

అక్కడితో ఆగానా? మా జిమ్మీగాడికి ట్రైనింగ్ ఇచ్చాను. వాడు వీధికుక్క. చిట్టి పుస్తకాల సంచీలో పెట్టుకుని తెచ్చింది పిల్లగా ఉన్నప్పుడు. వాడికి బిస్కెట్ చూపించి "కాకి" అనేదాన్ని. వాడు పిట్టగోడ దాకా పరిగెత్తి మొరిగితే బిస్కెట్. మూడు రోజుల్లో పట్టేశాడు. నా కడుపున పుట్టినవాడికి ఎక్కాలు నేర్పడానికి మూడేళ్ళు పట్టింది. తర్వాత తర్వాత కాకి కనపడక్కర్లేదు, "కాకి" అన్న మాట వినపడితే చాలు, భౌమని లేచేవాడు.

నిజం చెప్పొద్దూ, ఆ రెండు నెలలూ నాకు బాగుందండి. చిట్టికి ఒంటిపూట బడులు. పదకొండున్నరకల్లా ఇంటికొచ్చి, అన్నం కంచం పట్టుకుని డాబా ఎక్కేసేది. వాటర్ ట్యాంకు నీడలో నేనూ అదీ అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. జిమ్మీగాడు నా కాళ్ళ దగ్గర పడుకునేవాడు. "మామ్మా, నువ్వు తొండి చేస్తున్నావు" అనేది. చేసేదాన్ని. ఆయన పోయాక నేను పళ్ళు కనపడేలా నవ్వింది ఆ డాబా మీదే. గుమ్మడివయ్యాక పెసర వడియాలు, అవయ్యాక సగ్గుబియ్యం వడియాలు. డబ్బాలు నిండిపోయినా ఆపలేదు నేను. ఒక్క కాకి మా ఇంటి వైపు తొంగి చూడ్డం లేదని వీధంతా గొప్పలు చెప్పుకున్నాను కూడాను. తన ఇంటి మీద పడి చస్తున్నాయని సుబ్బలక్ష్మి వదిన తిడుతుంటే, "నీకు చేతకాక" అన్నాను. ఏం వదినా, అన్నానా లేదా?

సరే, సంవత్సరీకం రోజు వచ్చింది. ముందు రోజే గొడుగు గుడ్డ విప్పి దాచేశాను. కుక్కని వెనక వరండాలో కట్టేశాం. వంట అంతా నేనే దగ్గరుండి చేయించాను. వడియాలు మాత్రం ఎవర్నీ ముట్టనివ్వలేదు, నేనే వేయించాను. ఆకులో అన్నం, పప్పు, గారెలు, బూరెలు, అన్నీ పెట్టి, ఓ పక్కన అయిదు గుమ్మడి వడియాలు పెట్టాను. పంతులుగారు తంతు కానిచ్చి, డాబా పిట్టగోడ మీద ఆకు పెట్టించారు. అందరం దూరంగా నిలబడ్డాం. కాకి వచ్చి ముట్టాలి. అది ముడితే పోయినవాళ్ళు తిన్నట్టు. అప్పుడుగానీ చుట్టాలకి విస్తళ్ళు వెయ్యకూడదు.

పదినిమిషాలు చూశాం. అరగంట చూశాం. ఆకాశంలో ఈగ లేదు.

"కాకి రాలేదేంటండీ?" అన్నారు పంతులుగారు.

వెనక నుంచి జిమ్మీగాడు భౌమన్నాడు.

"ఉండండి, వస్తుంది. కాకి ఎక్కడికి పోతుంది?" అన్నాడు సత్తిబాబు.

మళ్ళీ భౌ.

అప్పుడు తట్టిందమ్మా నాకు, నేనేం చేశానో. ట్యాంకు పట్టుకుని నిలబడ్డాను. ఇంతలో మా ఆడపడుచు ముక్కు చీదడం మొదలెట్టింది.

"కుక్కలకి కనిపిస్తారంటారు. మా అన్నయ్య ఇక్కడే తిరుగుతున్నాడు. ఉండి కూడా తినట్లేదంటే, మీరేదో లోటు చేశారు" అంది.

ఇంకేముంది, అందరూ ఏడుపు. పంతులుగారికి ద్రాక్షారామంలో ఇంకో కార్యక్రమం ఉందిట, వాచీ చూసుకుంటున్నారు. "ఆయన మనసులో ఏదో ఉండిపోయింది. ఒక్కొక్కరూ వచ్చి ఏదో ఒక మాట ఇవ్వండి" అన్నారు. మన వైపు ఉన్నదేగా అది.

ముందు పద్మ వెళ్ళింది. "మావయ్యగారూ, మీ మడత కుర్చీ మీద తడిబట్టలు ఆరెయ్యను" అంది. కాకి లేదు. తర్వాత చిట్టి. "తాతయ్యా, నీ టార్చిలైటులో బ్యాటరీలు పోయింది దొంగలెత్తుకెళ్ళి కాదు. నేనే తీశాను, టేపురికార్డరుకి. మళ్ళీ పెట్టేస్తాను." లేదు. అప్పుడు సత్తిబాబు ముందుకెళ్ళి చేతులు కట్టుకున్నాడు. కిందటేడు చేలో చేపలచెరువు తవ్విస్తానని వీడూ, నా బొందిలో ప్రాణం ఉండగా వీల్లేదని ఆయనా కొట్టుకున్నారు. అది గుర్తొచ్చినట్టుంది వాడికి.

"నాన్నా, చెరువు తవ్వించను. వరే వేస్తాను. నా మీద కోపం పెట్టుకోకు, వచ్చి తిను నాన్నా."

నలభై ఏళ్ళవాడు, వెక్కి వెక్కి ఏడుస్తున్నాడండి. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడ్డాను. చెప్తే ఆడపడుచు బతకనివ్వదు, చుట్టాల్లో పరువు పోతుంది. చెప్పకపోతే తండ్రి కోపంతో పోయాడని కొడుకు జన్మంతా ఏడుస్తాడు. ఆ ఏడుపు ఎలా ఉంటుందో ఏడాది నుంచి నాకు తెలుసు. వాడికి అది వద్దనిపించింది.

"ఒరే, మీ నాన్నకి నీ మీద ఏ కోపమూ లేదు. కాకుల్ని నేనే తోలేశాను" అన్నాను.

గొడుగు గుడ్డ సంగతీ, బిస్కెట్ల సంగతీ అంతా చెప్పేశాను. ఆడపడుచు, "మా అన్నయ్య గొడుగుతోనే మా అన్నయ్యని తోలావా వదినా" అంది. ఏం చెప్పను? అదే చేశాను. సత్తిబాబు కళ్ళు తుడుచుకుని, "అయితే నేనిచ్చిన మాట?" అన్నాడు. "మాట మాటే నాయనా" అన్నారు పంతులుగారు. ఆ ఒక్క లాభం మిగిలింది.

అప్పుడు చిట్టే అంది, కాకులన్నీ సుబ్బలక్ష్మి మామ్మగారి కొబ్బరిచెట్ల మీదే ఉంటున్నాయని. ఆకు పళంగా ఎత్తి, వీధి దాటించి, వదిన పెరటిగోడ మీద పెట్టించారు పంతులుగారు. పెట్టి నాలుగడుగులు వెనక్కి వచ్చామో లేదో, నాలుగు వాలాయి. "ముట్టింది, ముట్టింది" అన్నారు అందరూ. దణ్ణాలు పెట్టేసి భోజనాలకి పరిగెత్తారు. పాపం, రెండయిపోయింది మరి.

ఇక్కడి దాకే సుబ్బలక్ష్మి వదినకి తెలుసు. మిగతాది చెప్తాను.

నేను వెళ్ళలేదు, ఆ గోడ దగ్గరే నిలబడ్డాను. గారెలు పోయాయి. బూరెలు పోయాయి. అన్నం మెతుకు లేకుండా తినేశాయి. వడియాలు అయిదూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక కాకి మిగతావి ఎగిరిపోయాక కూడా ఉండిపోయింది. ఆయనే అనుకున్నాను. ఒక వడియం ముక్కుతో పట్టుకుంది. తల తిప్పి నన్ను చూసింది. చూసి, దాన్ని ఆకులోనే పడేసింది.

"తినండి. ఏమీ అనను. డాక్టరూ లేడు ఎవరూ లేరు, తినండి" అన్నాను పైకే. గోడ పట్టుకుని బతిమాలాను. ఎండ మండిపోతోంది. అది కాసేపు అటూ ఇటూ చూసి ఎగిరిపోయింది. మళ్ళీ రాలేదు.

రెండు నెలల పాటు వడియాల జోలికి వస్తే తరిమి తరిమి కొట్టాను కదా, వాటికి బుద్ధి వచ్చేసుంటుంది. అంతేనంటాడు సత్తిబాబు. వాడు చెప్పిందే నిజమేమో. కానీ కాకే అనుకుంటే ఆయన రాలేదన్నమాట. ఆయనే అనుకుంటే వచ్చి కూడా తినలేదన్నమాట. నాలుగు రోజుల నుంచి ఎటు తిప్పి చూసినా నాకు ఊరట లేదు.

మళ్ళీ నవ్వూ వస్తోంది, ఏం చెయ్యను. నలభై మూడేళ్ళ కాపరంలో నేను వద్దన్నది ఒక్కటంటే ఒక్కటి మానిన మనిషి కాదు. చుట్ట మానలేదు, పేకాట మానలేదు, ఎండలో తిరగడం మానలేదు. తీరా నా మాట విని మానింది ఈ ఒక్కటే. అదీ, తినండి మహాప్రభో అని కాళ్ళావేళ్ళా పడిన రోజున.