బాలరాజు విచారించిన సెన్సర్ కేసు

మా పక్కింటి బాలరాజుకు రుజువు పిచ్చి. వనపర్తి కోర్టులో ముప్పై ఏళ్లు అటెండరుగా చేసి, వరండాలో నిలబడి ముద్దాయిల పేర్లు పిలిచీ పిలిచీ రిటైరయ్యాడు. కోర్టు ఆయన్ని వదిలింది గానీ ఆయన కోర్టును వదల్లేదు. ఇంట్లో ఏది చెడిపోయినా దాన్ని ముద్దాయిగా నిలబెట్టి విచారణ జరపాల్సిందే. బల్బు ఆరిపోతే మూడు హోల్డర్లలో పెట్టి చూసి, మూడు చోట్లా వెలగకపోతేనే అది మాడిందని ఒప్పుకుంటాడు. ఎవరేం చెప్పినా ఆయన నోట వచ్చే మొదటి మాట "రుజువైందా?"

ఒకసారి వాళ్లింట్లో పెరుగు మీది మీగడ మాయమైంది. ఆయన భార్య సుభద్రమ్మ అది పిల్లి పనే అంది. బాలరాజు ఒప్పుకోలేదు. వంటింటి గడప దగ్గర బియ్యప్పిండి చల్లి, మర్నాడు మళ్లీ మీగడ పోతే అడుగుజాడలు కొలిచాడు. పిల్లివి ఒక్కటీ లేవు, ఉన్నవన్నీ ఆయనవే. పిండి చెదిరిందేమో చూడటానికి వెళ్లి, పనిలో పనిగా వేలితో మీగడ తీసుకున్నట్టు ఆయనే ఒప్పుకున్నాడు. తనకు తానే శిక్ష వేసుకుని వారం రోజులు మజ్జిగతో సరిపెట్టుకున్నాడు. నిందపడ్డ పిల్లికి మాత్రం ఆ వారమంతా పాలు పోయించాడు.

ఇలాంటి మనిషి చేతిలో పోయినేడాది నా కారు పడింది. నేను రిటైరైన లెక్చరర్ని, పేరు రామచంద్రయ్య. కంటి ఆపరేషన్ అయ్యాక స్టీరింగ్ పట్టడం మానేశాను. ఆత్మకూరు నుంచి రోజూ బస్సులో వచ్చే యేసయ్య నా డ్రైవరు. లీటరుకు పదిహేను కిలోమీటర్లు నడిచే కారు రెండు నెలల్లో పదికి దిగింది. పెట్రోలు ఎటు పోతున్నట్టు? నా అనుమానం తిన్నగా యేసయ్య మీదికే పోయింది. దొంగవని ముఖం మీద అనే ధైర్యం లేక, రేపటి నుంచి రావద్దని, పని ఉంటే పిలుస్తానని చెప్పాను. అతను ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

పది రోజులకు ఆత్మకూరులోని ఒక బడి హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసింది. పిల్లల వ్యానుకు యేసయ్యను తీసుకోవాలనుకుంటున్నారట, ఎలాంటి మనిషో నేను చెప్పాలట. ఆ సమయానికి బాలరాజు మా అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. "మనిషి మంచోడే గానీ, పెట్రోలు..." అని నేను మొదలుపెట్టగానే లేచి వచ్చి ఫోన్ లాక్కున్నాడు. సారు సోమవారం చెప్తారని ఆమెకు చెప్పి పెట్టేశాడు.

"రుజువైందా సారూ?"

"మైలేజ్ పడిపోయింది. ఇంకేం గావాలె?"

"అది ఫిర్యాదు, సాక్ష్యం గాదు. మీ నోట్లకెళ్లి ఆ మాట వస్తే ఆయనకు యాడ పని దొర్కదు. సోమవారం దాంక ఆగుండ్రి."

మర్నాడు శనివారం మా వాకిట్లో విచారణ మొదలైంది. డాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు దీపం వెలుగుతోంది. ఎప్పటినుంచి అని అడిగాడు. రెండు నెలల నుంచీ వెలుగుతోందనీ, యేసయ్య రెండుసార్లు చెప్పినా నేనే పట్టించుకోలేదనీ ఒప్పుకున్నాను. బాలరాజు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. నన్ను సాక్షి కింద రాశాడో ముద్దాయి కింద రాశాడో చూపించలేదు.

తెలిసిన మెకానిక్ దగ్గర అడిగి తెచ్చిన, కారులో తప్పెక్కడో చెప్పే అగ్గిపెట్టెంత స్కానరును స్టీరింగ్ కింద గుచ్చి ఫోన్‌లో చూశాడు. ఆక్సిజన్ సెన్సర్ దగ్గర తేడా ఉందని వచ్చింది. పొగగొట్టంలో కూర్చుని, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో కనిపెట్టి, పెట్రోలు పెంచాలో తగ్గించాలో కారు కంప్యూటరుకు చెప్పే పరికరమట అది. అయితే మార్చేద్దాం అన్నాను. ఆయన నావైపు జాలిగా చూశాడు.

"స్కానర్ పేరు చెప్పింది, గంతే. వైరు తెగినా గదే పేరు చెప్తది. గొట్టం లీకైనా గదే చెప్తది."

వైరును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వేళ్లతో తడిమాడు. ఎలుక కొరకలేదు. గొట్టం అతుకుల దగ్గర చెవి పెట్టి విన్నాడు. ఎక్కడా గాలి పోవడం లేదు. ఎలుకనూ గొట్టాన్నీ నిర్దోషులుగా విడుదల చేశాడు. ఇంజన్ వేడెక్కాక ఫోన్‌లో సెన్సర్ గీత చూపించాడు. బాగున్న సెన్సరైతే గీత పైకీ కిందికీ ఊగుతుండాలి. మాది అడుగున పడుకుని ఉంది. ఇంజన్ పీల్చే గాలిలోకి, పెట్రోలులాగే మండే క్లీనర్ స్ప్రే కొంచెం కొట్టి, ఇప్పుడైనా లేస్తుందేమో చూశాడు. లేవలేదు. ముద్దాయికి రెండు అవకాశాలిచ్చానని పుస్తకంలో రాసుకున్నాడు.

చివరికి ఇంజన్ ఆపి, నా భుజం మీది తెల్ల తువ్వాలు లాగి పొగగొట్టం మూతిలో తిప్పాడు. నల్లటి మసి అంటుకుని వచ్చింది. పెట్రోలు చాలడం లేదని సెన్సర్ అబద్ధం చెబుతుంటే, కంప్యూటరు నమ్మి ఇంకా ఇంకా పోస్తోందన్నమాట.

"సారూ, మీ పెట్రోలు ఎవలు ఎత్తుకపోలే. గీ గొట్టంలకెళ్లే పోయింది."

చాలా సిగ్గుపడ్డాను.

బాలరాజు ఆ సాయంత్రమే మహబూబ్‌నగర్ బస్సెక్కి అదే నంబరు సెన్సర్ తెచ్చాడు. ఆదివారం పొద్దున పాతదాని మర మీద తుప్పు వదిలించే నూనె కొట్టి, గంట సేపు దాని పక్కనే కూర్చున్నాడు. తర్వాత, వైరు దూరేలా పక్కన చీలిక ఉన్న స్పానర్‌తో మెల్లగా విప్పాడు. కొత్తదాని కొనకు వేలు తగలనివ్వకుండా, ముందు చేత్తోనే తిప్పి, ఆ తర్వాత బిగించాడు. స్కానర్‌తో పాత తప్పు చెరిపేస్తే పసుపు దీపం ఆరిపోయింది. పాత సెన్సర్‌ను మాత్రం పారేయలేదు. అప్పీలుకు పోతే కావాలంటూ కాగితంలో చుట్టి దాచాడు.

ఇక మైలేజీ రుజువు చేయాలన్నాడు. ట్యాంకు నింపించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తనే నడుపుతూ ఆత్మకూరు దారి పట్టాడు. దారిలో రెండు బర్రెలు మమ్మల్ని దాటి ముందుకు పోయాయి. ఊళ్లోకి వెళ్లాక ఒక ఇంటి ముందు ఆపాడు. అది యేసయ్య ఇల్లు. టెస్టుకు ఇంత దూరం ఎందుకొచ్చామో అప్పుడుగానీ నాకు అర్థం కాలేదు.

ఆయన్ని కూడా లోపలికి రమ్మన్నాను. బాలరాజు స్టీరింగ్ వదల్లేదు.

"ముప్పై ఏండ్లు పేర్లు పిలిచిన సారూ. పిలువంగనే తలకాయ కిందికేసుకొని వచ్చెటోళ్లు. ఏ తప్పు చేయనోళ్లు గూడ గట్లనే వచ్చెటోళ్లు. యేసయ్య తల గట్ల వంగొద్దు. మీరే పోయి చెప్పుండ్రి."

ఈయన రుజువు పిచ్చిని చూసి ఇన్నేళ్లూ నవ్వుకున్నాను. అది వస్తువుల మీది పిచ్చి కాదు, మనుషుల మీది ప్రేమ.

యేసయ్య, అతని భార్య స్వరూప గుమ్మంలోకి వచ్చారు. "తప్పు నాదే యేసయ్యా. పెట్రోలు నువ్వు తీస్తున్నవనుకున్న. సెన్సర్ ఖరాబై పొగగొట్టంలకెళ్లి పోయిందట," అన్నాను. స్వరూప కళ్లు తుడుచుకుంది.

"సెన్సర్ మార్చిండ్రా సార్?" అన్నాడు యేసయ్య.

"మార్చినం."

"మరి బండి ఎవలు నడిపిండ్రు?"

బాలరాజు అని చెప్పగానే చెప్పులేసుకున్నాడు. "అయితే నేనే దింపి వస్త," అన్నాడు.

తిరుగుదారిలో సోమవారం దాకా ఆగలేక హెడ్‌మిస్ట్రెస్‌కు నేనే ఫోన్ కలిపాను. యేసయ్య పేరు ఎత్తానో లేదో, అతను కారును రోడ్డు పక్కకు తీసి ఆపేశాడు. మాట్లాడేది నేను కదా, నువ్వెందుకు ఆపావని అడిగాను.

"మీరు నా గురించి మాట్లాడుతుంటె నా ధ్యాస రోడ్డు మీద ఉండదు సార్," అన్నాడు.

ఆ మాటే హెడ్‌మిస్ట్రెస్‌కు వినిపించి, ఇలాంటి మనిషికి కాకపోతే పిల్లల్ని ఇంకెవరికి అప్పగిస్తారమ్మా అన్నాను. రేపే రమ్మనండి అంది ఆమె. వెనక సీట్లోంచి బాలరాజు, "ఇగ పోనియ్యి యేసయ్యా, ఆకలైతుంది," అన్నాడు.

వనపర్తి చేరి, అన్నాలు తినేదాకా మైలేజీ సంగతి మా ముగ్గురిలో ఎవరికీ గుర్తు రాలేదు. బాలరాజుకు కూడా.