ఆరో రేకు

మా మావగారు అంకమ్మరావు గారు పెడనలో అద్దకపు అచ్చులు చెక్కేవారు. టేకు చెక్క మీద ఆయన ఉలి పెడితే లత దానంతట అదే పాకినట్టు వచ్చేదని ఊరంతా అనేది. పనితనం ఎంతో, కుళ్ళుబోతుతనమూ అంతే. పక్కింటి గేదె రెండు గిద్దెలు ఎక్కువ పాలిచ్చినా మా ఇంట్లో మజ్జిగ పులిసినట్టే ఉండేది ఆయన ముఖం.

అన్నిటికంటే ఎక్కువ కుళ్ళు మాత్రం బావ మీద. ఆయన అక్క మహాలక్ష్మమ్మ గారి భర్త వెంకటస్వామి గారు రెండు వీధుల అవతల ఉండేవారు, ఆయనా అచ్చులు చెక్కేవారే. గొడవ చుక్కరేకు పువ్వు దగ్గర వచ్చింది. ఐదు సన్నటి రేకులు, ఒకదానికొకటి తగలకుండా, ఒక్కో రేకు అంచున చుక్కల వరస. అది తన బుర్రలో పుట్టిందని మా మావగారు. కాదు, నా దగ్గర్నించే ఎత్తుకెళ్ళాడని వెంకటస్వామి గారు. నేను కాపరానికి వచ్చేసరికే ఇద్దరికీ మాటల్లేవు. పాపం మహాలక్ష్మమ్మ గారు పుట్టింటికి వచ్చినా వాకిట్లోనే నిలబడి మాట్లాడి వెళ్ళిపోయేది.

"ఆ పువ్వు నాదని బావని ఒప్పుకోమను. అప్పుడు పీట వేసి అన్నం పెడతాను," అనేవారు మావగారు.

అరవై రెండులో, బందరు కాలేజీలో జువాలజీ చెప్పే కృపానందం మాస్టారు ఒక బరువైన సంచీ మోసుకుని మా ఇంటికి వచ్చారు. కుర్రాళ్ళని తీసుకుని అరవదేశంలో అరియలూరు వెళ్ళి, అక్కడి సున్నపురాయి గోతుల్లో ఏరుకొచ్చిన రాళ్ళట. వాటి బొమ్మలు కాలేజీ పుస్తకంలో వెయ్యాలి. బొమ్మని చూసి ఏ రాయి ఏ రకమో కుర్రాళ్ళు పోల్చుకోవాలి. అందుకు చెక్క అచ్చులు కావాలన్నారు.

మొదటి రాయి తీసి అరుగు మీద పెట్టారు. గుప్పెట్లో పట్టేంత ఉంది, నున్నగా, బన్ను రొట్టెలా ఉబ్బి. దాని నెత్తి మీద చుక్కరేకు పువ్వు.

మావగారి ముఖం నల్లబడిపోయింది. "ఇది మా బావ చెక్కి ఇచ్చాడా అండీ?"

"ఎవరూ చెక్కలేదండీ," అన్నారు మాస్టారు. "సముద్రంలో బతికిన ముళ్ళజీవి పెంకు ఇది. ముళ్ళు రాలిపోయాయి, పెంకు రాయైపోయింది. మనుషులింకా పుట్టని కాలం నాటిది."

"మరి మా పెడన పువ్వు దీనికెలా వచ్చిందండీ?"

నేను పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

మావగారు మాత్రం మాస్టారి మాట నమ్మలేదు. ఎవరి ఉలి ఎటు లాగుతుందో ఆయనకి తెలుసు. వెంకటస్వామి గారి చేతిలో రేకు కొస కాస్త కుడికి వాలుతుంది. రాయిని ఎండలోకి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూశారు. ఏ రేకూ వాలలేదు. పోనీ, బావ కాదని తేలాక కడుపు చల్లబడాలి కదా. చల్లబడలేదు. బావ మీద మంట కాస్తా రాయి మీదికి మళ్ళింది. "చుక్కలు ఎంత సన్నగా పడ్డాయో చూశావా," అని అన్నం ముందు కూర్చుని కూడా గొణుక్కునేవారు.

ఆ కసితోనే అచ్చు చెక్కారు. మాస్టారు వచ్చి రాయినీ అచ్చునీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు.

"చాలా అందంగా ఉందండీ. కానీ ఇది వేరే జంతువైపోయింది."

"అదేమిటండీ?"

"రాయికి ఈ వెనకంచున చిన్న కన్నం ఉంది చూడండి. మీరు దాన్ని పువ్వు మధ్యకి తెచ్చారు."

"పక్కనుంటే వంకరగా ఉందండీ. అందుకని సరిచేశాను."

"అది దాని మలద్వారమండీ. నడినెత్తిన ఉంటే ఒక జాతి, వెనకంచున ఉంటే ఇంకో జాతి. మేం పోల్చుకునేది ముందు దాన్ని చూసే."

అంటే, రాయిని మించిపోవాలన్న పంతంలో మా మావగారు దాని వెనక భాగాన్ని నెత్తికెక్కించారన్నమాట. అచ్చు పక్కన పడేసి మళ్ళీ చెక్కారు. ఈసారి కన్నం ఎక్కడుందో అక్కడే పెట్టారు.

చెక్కిన అచ్చులు మాస్టారికి అప్పగిస్తూ, "ఇవన్నీ ఐదు రేకులవేనా అండీ?" అని అడిగారు.

"రేకు పొడుగు మారుతుంది, కన్నం చోటు మారుతుంది. రేకులు మాత్రం నేను చూసినవాటికి అన్నిటికీ ఐదేనండీ."

మావగారు ఒక రాయి అడిగి తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని, తిన్నగా బావగారింటికి నడిచారు. అన్నేళ్ళకి అదే మొదటిసారి.

"బావా, ఈ పువ్వు నీదీ కాదు, నాదీ కాదు. సముద్రానిది," అని రాయి ఆయన ముందు పెట్టారు.

వెంకటస్వామి గారు దాన్ని కండువాతో తుడిచి, కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూశారు. "ఏం పనితనంరా ఇది. ఒక్క చుక్క తడబడలేదు," అన్నారు.

మహాలక్ష్మమ్మ గారు కాఫీ తెచ్చేలోపే మావగారు రాయి లాక్కుని బయటికి వచ్చేశారు. ఇంటి గుమ్మంలో ఆగి, "నా పని చూసి ఎన్నడైనా ఆ మాట అన్నాడా?" అని నన్నడిగారు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఒక రాయికి దక్కిన మెప్పు తనకి దక్కలేదని ఆయన ఏడుపు.

ఆ తర్వాత కొత్త అచ్చు చెక్కారు. అదే చుక్కరేకు, కానీ ఆరు రేకులు. "సముద్రానిక్కూడా చేతకాలేదమ్మా," అన్నారు నాకు చూపిస్తూ. కంపాసు తిప్పితే ఐదు కంటే ఆరు గీయడమే తేలికని నాకు తెలుసు.

మరుసటేడు పెళ్ళి బట్టలకని గుడివాడ వెళ్ళాం. కొట్టువాడు పరిచిన దుప్పట్లలో ఒకటి చూసి మావగారు ఆగిపోయారు. ఆరు రేకుల పువ్వు. వేలు పెట్టి ఒక్కో రేకూ లెక్కపెట్టారు. ప్రతి రేకు కొసా కాస్త కుడికి వాలి ఉంది.

ఇక కొట్టులో రభస తప్పదనుకున్నాను. ఆయన దుప్పటిని నెమ్మదిగా చేత్తో నిమిరారు. అంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

"బావ కొట్టేశాడమ్మా," అన్నారు. "ఇది మాత్రం అచ్చంగా నాదే."

ఊళ్ళో బస్సు దిగాక, ముందు ఇంటికి వెళ్ళి పీట వెయ్యమని నాతో చెప్పి, తను బావగారి వీధి వైపు నడిచారు.