ఐదక్షరాల మీఖాత్

అన్నకు మక్కా యాత్రకు ఉమ్రా వీసా వచ్చిన వారానికే పటాన్‌చెరు డాక్టర్ విమానం ఎక్కవద్దన్నాడు. బొల్లారం మందుల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు రియాక్టర్ల దగ్గర నిలబడ్డ మనిషి. ఆ ఊపిరితిత్తులు పైన పలచటి గాలిని తట్టుకోలేవట. అన్న ఇంటికొచ్చి, ఆక్సిజన్ మిషన్ గొట్టం ముక్కుకు పెట్టుకుని, మక్కా కోసం కొన్న రెండు తెల్లబట్టలను బీరువాలో పెట్టమని వదినకు చెప్పాడు.

నాకు ఇంట్లో కంప్యూటర్ మీద విమానం నడిపే అలవాటుంది. పటేల్‌గూడలో డ్రాయింగులు గీసే ఉద్యోగం, ఆదివారాలు మసీదులో దీన్ పాఠాలు, అంటే మతం సంగతులు చెప్పడం, మిగిలిన తీరికంతా దానికే. ఉట్టి ఆట కాదది. నిజమైన విమానాలు వెళ్ళే దారిని తయారుచేసి ఇచ్చే ప్రోగ్రామ్ వేరే ఉంటుంది. దాన్ని తెచ్చి విమానంలోని నావిగేషన్ పెట్టెలో ఎక్కిస్తే, ఆకాశంలోని మజిలీల పేర్లు వరుసగా కనిపిస్తాయి. ఒక్కో మజిలీ దాటగానే దాని పేరు వరుసలోంచి పోతుంది.

ఒకరోజు అన్న తనే అడిగాడు. "తమ్మీ, నీ కంప్యూటర్ల జిద్దా దాకా పోవొచ్చా?"

మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత మిషన్‌తో సహా తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాను. హైదరాబాద్ నుంచి జిద్దాకు దారి తెచ్చాను. అన్న కళ్ళద్దాలు పెట్టుకుని పేర్లు కూడబలుక్కున్నాడు.

"ఏంది గీ పేర్లు? మా ఫ్యాక్టరీ మందుల లెక్క నోరు తిరుగుతలేవు."

"అన్నీ ఐదక్షరాలే భాయ్‌జాన్. పైలట్లకు సులువని."

"మరి మీఖాత్ ఏడుంది?"

ఉమ్రాకు వెళ్ళేవాళ్ళు మీఖాత్ అనే హద్దు దాటకముందే ఆ తెల్లబట్టలు కట్టుకుని, మనసులో సంకల్పం, అదే నీయత్ చేసుకుని, 'వచ్చాను ప్రభూ' అని లబ్బైక్ పలకాలి. అవేవీ చేయకుండా దాటితే వెనక్కి వచ్చి మళ్ళీ దాటాలి. విమానంలోనైతే పైలట్ ముందే చెప్తాడు. ఈ పెట్టెలో ఆ పేరు లేదు. మ్యాప్‌లో తాయిఫ్ పక్కన ఆ చోటు వెతికి, అక్షాంశ రేఖాంశాలు కొట్టి, వరుసలో చేర్చి ఇంగ్లీషులో పేరు పెట్టాను. MIQAT. సరిగ్గా ఐదక్షరాలు.

"సూసినవా," అన్నాడు అన్న. "జాగ ఖాళీ పెట్టిండ్రు మనకోసం."

సముద్రం దాకా మామూలుగా నడిపాను. అంతసేపు అన్న కూర్చోలేడని ఆ తర్వాత నాలుగింతల వేగం పెట్టాను. మస్కట్ దాటి ఇసుక మొదలైంది. అంతలో సాయంత్రపు అసర్ అజాన్ వినిపించింది.

"పదిహేను నిమిషాల్ల వస్త," అన్నాను.

"పో మౌల్సాబ్. నేనీడనే కూసొని నమాజ్ చదువుకుంట. మీఖాత్ వచ్చే యాళకు రా."

వేగం తగ్గించడం మరిచిపోయాను. మసీదులో నమాజు అయ్యాక ఎవరో ఒక మసలా, అంటే మతం విషయంలో సందేహం అడిగారు. నేను తెలిసినవాణ్ని కదా, నిలబడి వివరంగా చెప్పాను.

తిరిగొచ్చేసరికి అన్న భుజాల మీద తెల్లబట్ట ఉంది. వదినతో తెప్పించుకున్నాడట. చూపు తెర మీదే ఉంది.

"పేరు పోయింది తమ్మీ. ఇప్పటిదాక ఉండె. నువ్వొచ్చి చెప్తవని చూస్తున్న, అంతల పోయింది."

విమానం ఇంకా పైనే ఉంది. దిగడం మొదలుపెట్టాల్సిన చోటు కూడా దాటిపోయింది. నేను కూర్చుని ఎత్తు తగ్గించే పనిలో పడ్డాను.

"ఎన్కకు తిప్పు," అన్నాడు.

"ఇది ఆట భాయ్‌జాన్. దీంట్ల మీఖాత్ దాటినా ఏం కాదు. కంప్యూటర్ ముందల నీయత్ చెల్లదు."

"చెల్లదని నాకు తెల్వదా? తిప్పు."

"ఇంకోసారి మొదటి నుంచి పోదాం. ఇప్పుడు దింపనియ్."

"ఇంకోసారి," అన్నాడు. అడిగినట్టు కాదు, నా మాటను పట్టి చూస్తున్నట్టు. తర్వాత బట్ట తీసి నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో ఉంచుకున్నాడు. నేను జిద్దాలో చక్కగా దింపాను. అన్న గోడవైపు చూస్తున్నాడు.

పదకొండో రోజు పొద్దున అన్న పోయాడు. చివరి స్నానం, గుసుల్ నేనే చేయించాను. ఆ తెల్లబట్టలతోనే కఫన్ చుట్టాం.

నలభై రోజుల తర్వాత కంప్యూటర్ తెరిచాను. దిగకముందు దానంతటదే దాచుకున్న ప్రయాణం అలాగే ఉంది. ఐదక్షరాలు కొట్టి, నేరుగా అక్కడికే పొమ్మన్నాను. విమానం ఎడమకు వంగి వెనక్కి తిరిగింది. నిమిషం పట్టలేదు.

అల్లాహ్ అన్న నీయత్ చూశాడని నా నమ్మకం. ఆ పూట నాదీ చూశాడు. నమాజులో సజ్దాకు నేల మీద తల పెట్టిన ప్రతిసారీ నా భయం అదే.