బాపు చూడని సిలిండర్

మా బాపు ముప్పై ఏళ్లకు పైగా శ్రీరాంపూర్ వైపు బొగ్గు బావిలో సర్దారు. షిఫ్టు వాళ్లు దిగకముందే తను లోపలికి పోయి, గ్యాస్ ఉందా లేదా చూసి, అంతా బాగుంటే గోడ మీద సుద్దముక్కతో తారీఖు వేసి సంతకం పెట్టడం ఆయన పని. ఆ సంతకం కనిపిస్తేనే మిగతావాళ్లు పని మొదలుపెట్టేవారు. రిటైరయ్యాక నస్పూర్‌లో ఇల్లు కట్టుకున్నాం. బావి పోయింది గానీ సుద్దముక్క పోలేదు. అది మా చిన్న గ్యాస్ సిలిండర్ మీద పడింది.

అయిదు కిలోల సిలిండర్ అది. పైనే బర్నర్ బిగించుకుని ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. జాతరకైనా, గోదావరి ఒడ్డున దావత్‌కైనా అదే మాకు దిక్కు. బయటికి తీసిన ప్రతిసారీ బాపు దాన్ని వాకిట్లో పెట్టుకుని కూర్చుంటాడు. పక్కకు వంచి అడుగున తుప్పు చూస్తాడు. మెడ దగ్గర గుద్దిన గడువు తారీఖు కంఠతా వచ్చినా సరే, కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చదువుతాడు. లోపలి రబ్బరు వాషర్‌ను గోటితో నొక్కుతాడు. ఆఖరికి సబ్బు నీళ్లు పూసి, బుడగలు వస్తాయేమోనని రెప్ప వేయకుండా చూస్తాడు. రాకపోతే సిలిండర్ పొట్ట మీద తారీఖు, సంతకం. అవి లేకుండా మా ఇంట్లో ఎవరూ అగ్గిపుల్ల గీయరు.

“పెండ్లిచూపుల నాడు నన్ను గూడ గింతసేపు సూడలే మీ బాపు,” అంటుంది అవ్వ.

“గందుకే ఇప్పుడు సూసుకుంట జేస్తున్న,” అన్నాడు బాపు ఒకసారి. ఆ రోజు ఆయనకు చాయ్ కాస్త ఆలస్యంగా అందింది.

నాకేమో ఓపిక తక్కువ. పోయిన చలికాలం, బాపుతో కలిసి పనిచేసిన పాతవాళ్లంతా కుటుంబాలతో మంచిర్యాల దగ్గర గోదావరి ఒడ్డున దావత్ పెట్టుకున్నారు. ఆ పొద్దున మటన్ కోసం పోయిన బాపు అక్కడ ఎవరితోనో ముచ్చట్లలో పడ్డాడు. నేరుగా ఒడ్డుకే వస్తానని ఫోన్ చేశాడు. వాకిట్లో ట్రాలీ ఆటో అతను హారన్ మీద హారన్. ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. నేను సుద్దముక్క తీసుకుని సిలిండర్ మీద తారీఖు వేసి బాపు సంతకం గీకేశాను. పదో తరగతి దాకా ప్రోగ్రెస్ కార్డుల మీద ఆయన సంతకం నేనే పెట్టుకున్నదాన్ని. సాధన ఊరికే పోదు.

ఒడ్డున ఇసుకలో గిన్నెలు దించాం, ఉల్లిగడ్డలు కోశాం. బాపు కూడా మటన్‌తో వచ్చేశాడు. బాపు కిందే పనిచేసిన ఒకాయన, నేను కాక అని పిలిచే మనిషి, పొయ్యి ముట్టించడానికి వంగినవాడల్లా ఆగిపోయాడు.

“అన్నా, గ్యాస్ వాసన కొడ్తుందే!”

బాపు ఒక్క ఉదుటున వచ్చి వాల్వు కట్టేసి, సిలిండర్‌ను దూరంగా మోసుకుపోయాడు. బర్నర్ విప్పి చూస్తే వాషర్ పగిలి ఉంది. వెనకే వెళ్లిన కాక సిలిండర్ పొట్ట మీద వేలు పెట్టాడు.

“గిదేందన్నా, నీ సంతకం ఉన్నది గదా?”

బాపు సంతకం చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను ఇసుకను చూశాను.

“అవ్, నాదే,” అన్నాడు. “సక్కగ సూడలే. తప్పు నాదే.”

“ముసలోనివైతున్నవే సర్దారన్నా!” అని కాక నవ్వాడు. “రిటైరైనవ్ గాబట్టి బతికిపోయినం!” అని ఇంకొకాయన అందుకున్నాడు. అందరూ నవ్వారు. వాళ్లతో పాటు బాపు కూడా నవ్వాడు. ఆ మనుషులు ముప్పై ఏళ్లు ఆయన సంతకం చూసి, మారు మాట అడక్కుండా చీకట్లోకి నడిచారు. బాపు సంపాదించుకున్నదంతా వాళ్ల దగ్గరున్న ఆ నమ్మకమే. ఒక్క హారన్‌కు తాళలేక దాన్ని నేను నవ్వులపాలు చేశాను.

“బాపు పెట్టలే! నేను పెట్టిన!” అని అరిచాను. అవతలి ఒడ్డు దాకా వినిపించే ఉంటుంది.

నవ్వులు ఆగిపోయాయి. కాక మెడలో తువ్వాల సర్దుకున్నాడు. “నీ సంతకం ఉన్నకాడ మళ్ల సూసుడు ఎన్నడు లేకుండె అన్నా. ఊకెనే నవ్వితి. మాఫ్ జెయ్యి.”

“ఏ, ఊకోరా. జర కట్టెల సంగతి సూడున్రి, ఆకలైతుంది,” అన్నాడు బాపు. అవ్వ మాత్రం ఇంటికి పోయాక నా సంగతి చెప్తానని కళ్లతోనే చెప్పింది.

కట్టెలు ఏరడానికి నేనూ బాపూ తుమ్మచెట్ల వైపు నడిచాం. చేతుల్లో నాలుగు కట్టెలు పడ్డాక అడిగాను.

“నీ మీద ఎందుకేసుకున్నవ్ బాపూ?”

బాపు ఒక ఎండు కొమ్మ విరిచి నా చేతుల్లోని మోపు మీద పెట్టాడు. “రాసింది నా పేరు గద బిడ్డా. ఎవలు రాసినా, గా సంతకం సూసి లోపటికి వొయ్యేటోనికి జవాబు నేనే జెప్పాలె.”

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. కట్టెలు మాత్రం కింద పెట్టలేదు. అక్కడ ఇరవై మంది ఆకలితో చూస్తున్నారు.