ఇసుకలో పడిన టీచరమ్మ

టీచరమ్మకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. చక్రాల మీద కదిలేది ఏది కనపడినా దాన్ని నడిపే మనిషిని దిద్దకుండా ఉండలేదు. ఇరవై ఆరేళ్లుగా డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతోంది. సాయంత్రం ఆరింటికి స్కూలుకి షట్టరు దించుతారు గానీ ఆవిడ నోటికి దించే షట్టరు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

సొంత అక్కకి మోకాలి ఆపరేషన్ అయితే ఆస్పత్రికి వెళ్లింది. అక్కని స్ట్రెచర్ మీద తోసుకెళ్తున్నాయన వరండా మలుపులో గబుక్కున తిప్పాడు. టీచరమ్మ అడ్డంగా నిలబడి, "ఎదురుగా ఎవరైనా వస్తే ఏం చేస్తావయ్యా? వెనక్కి తీసి మళ్లీ తిప్పు" అంది. ఆయన బెదిరిపోయి వెనక్కి తీశాడు. "ముందు నన్ను లోపలికి పోనివ్వవే తల్లీ!" అని స్ట్రెచర్ మీంచి అక్క మొత్తుకుంది.

ఆవిడ భర్తకి కళ్లద్దాల షాపు ఉంది. పెళ్లయిన ఇరవై మూడేళ్లలో ఆయన తప్పులు పట్టడం ఆవిడ మానలేదు. ఆవిడ తప్పు ఒక్కటైనా పట్టుకోకపోతానా అని కాచుకు కూర్చోవడం ఆయనా మానలేదు. ఒక్కటీ దొరకలేదు. ఆవిడ కారు మీద ఒక్క గీత లేదు, బండి మీద ఒక్క సొట్ట లేదు.

నిరుడు ఒక వాన రోజున షాపు ముందే ఆయన బండి జారింది. కాలికి ఆరు వారాలు కట్టు కట్టారు. తర్వాత కట్టు విప్పారు గానీ భయం విప్పలేకపోయారు. బండెక్కితే చాలు, ఆయన చేతులు హ్యాండిల్ పీక పిసికేసేవి. అందుకే, ఎన్నాళ్లుగానో అనుకుంటున్న ఎడారి ప్రయాణానికి ఈ ఏడు చెరో బండి మీద బయల్దేరేటప్పుడు ఆయన ముందే చెప్పేశాడు.

"ఈ దారిలో ఒక్కసారి పడ్డానా, ఇంటికెళ్లగానే బండి అమ్మేస్తా. ఇక జన్మలో హ్యాండిల్ పట్టుకోను. నీ వెనకే కూర్చుంటా."

"నా వెనక కూర్చునేవాళ్లకి కూడా రూల్సున్నాయండీ" అంది ఆవిడ.

హెల్మెట్లలో ఒకరి మాట ఒకరికి వినపడే మైకులు పెట్టించింది ఆయనే. అసలు తప్పంటే అదీ. ఆవిడ మాత్రం దాన్ని ఎప్పుడూ ఎత్తి చూపలేదు.

మొదటి మూడు రోజులూ కనుచూపు మేర రాళ్లు, ముళ్ల పొదలు తప్ప ఇంకేం లేవు. మట్టిదారి చీలినచోట ఆయన కుడికి తిరిగాడు.

"ఏమండీ, ఇండికేటరు!"

"ఎవరికి చూపించాలే? ఆ తొండకా?"

"ఏం, తొండకి కళ్లు లేవా?"

ఆయన ఇండికేటరు వేశాడు. తొండ పక్కకి తప్పుకుంది.

మధ్యాహ్నం తిండికి ఆగారు. "బండి దారికడ్డంగా పెట్టారు" అంది ఆవిడ. "ఇక్కడ దారెక్కడ? అడ్డమెక్కడ?" అని ఆయన అక్కడే వదిలేసి, ఒక పొద నీడ వెతుక్కుని చతికిలబడ్డాడు. అరగంటకి ఎక్కడినుంచో ఒక ఒంటె వచ్చింది. బండి దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, ఒళ్లు కాస్త వంచుకుని పక్కనుంచి వెళ్లిపోయింది. ఆవిడ రొట్టె నములుతూ ఆయన వైపు చూసిందంతే. ఆయన లేచి వెళ్లి బండి పక్కకి తీశాడు.

నాలుగో రోజు దారి ఒక ఎండిన వాగులోకి దిగింది. లోపలంతా పిండిలాంటి ఇసుక. వాగు ఒక మట్టి దిబ్బ చుట్టూ వంపు తిరుగుతుంది. ఆవిడ ముందు వెళ్లి దిబ్బ అవతల కనపడకుండా పోయింది. చెవిలో మాత్రం ఉంది.

"బండి మీద లేచి నిలబడండి. వేగం తగ్గించొద్దు. దూరంగా చూడండి, చక్రం వైపు కాదు. మీరెటు చూస్తే బండి అటే పోతుంది."

ఆయన చక్రం వైపు చూశాడు. బండి నేరుగా ఇసుకలో కూరుకుపోయి పక్కకి ఒరిగింది.

దెబ్బేం తగల్లేదు. ఆయన ఇసుకలో కూర్చునే మైకులో అన్నాడు.

"పడ్డాను."

"దెబ్బ తగిలిందా?"

"లేదు. అయిపోయింది. ఇంటికెళ్లి అమ్మేస్తా."

అవతలినుంచి జవాబు లేదు. ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఆయన ఎరగడు. మైకు పాడైందేమో అనుకున్నాడు. కాసేపటికి గొంతు వినపడింది.

"ఏమండీ, నేనూ పడ్డాను."

"ఏంటీ?"

"వినపడిందిగా, మళ్లీ చెప్పించకండి. కాలు బండి కింద ఉంది. వస్తారా, అక్కడే కూర్చుని బండికి బేరం వెతుక్కుంటారా?"

ఆయన బండి ఎలా లేపాడో, ఎప్పుడెక్కాడో ఆయనకే తెలియదు. నిలబడి, ఆవిడ ఎక్కడ కనపడుతుందా అని దూరంగా చూస్తూ, దిబ్బ చుట్టూ ఇసుకంతా చీల్చుకుంటూ వెళ్లిపోయాడు. వాగు మధ్యలో బండి ఎడమ పక్కకి పడుకుని ఉంది. దాని కింద ఒక కాలు పెట్టుకుని ఆవిడ పడి ఉంది.

బండి లేపాడు. కాలు తడిమి చూశాడు. ఏమీ కాలేదు. అప్పుడు మొదలైంది ఆయనకి నవ్వు.

"పడ్డావు!"

"ఇసుక లోతుగా ఉంది."

"నువ్వు! టీచరమ్మవి! పడ్డావు!"

"విన్నానండీ. ఇంటికెళ్లాక నా బండి కూడా అమ్మేద్దాం. ఇద్దరం బస్సెక్కుదాం."

"నీకు మతిపోయిందా? ఇంత ఇసుకలో ఎవరైనా పడతారు. పడ్డంత మాత్రాన బండి అమ్ముకుంటామా?"

"అమ్ముకోమా?"

"అమ్ముకోం!"

"అయితే సరే" అంది ఆవిడ చొక్కా దులుపుకుంటూ.

ఈసారి ఆయన ముందు వెళ్లాడు. ఇసుక దాటి, అవతల గట్టినేల ఎక్కి, ఆవిడ కోసం వెనక్కి తిరిగి చూశాడు. తన చక్రం గీత పాములా మెలికలు తిరిగి ఉంది. దాని పక్కనే ఆవిడ గీత ఉంది. అది వాగంతా తిన్నగా దాటి ఆయన నిలబడ్డ గట్టినేల దాకా వచ్చింది. అక్కడ చక్కగా గుండ్రంగా తిరిగింది. మళ్లీ ఇసుకలోకి దిగి, వాగు మధ్య దాకా వెళ్లి ఆగిపోయింది. ఎడారిలో మరో పురుగు లేకపోయినా, వెనక్కి వెళ్లేటప్పుడు కూడా ఎడమ పక్కనే వెళ్లింది.

ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చూశాడు. పడ్డ బండిని తాళంచెవి తిప్పి కుదురుగా ఆపేసి ఉన్న సంగతి అప్పుడు తట్టింది.

ఆవిడ పైకి వచ్చి ఆగింది. "ఏం చూస్తున్నారు?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు.

"నువ్వు పడ్డ చోటు. బాగా గుర్తు పెట్టుకుంటున్నా. ఊరంతా చెప్పాలిగా."

"చెప్పండి. నాకేం?" అని మొహం ముడుచుకుంది.

సాయంత్రం ఎడారి చివర పెట్రోలు బంకులో, పంపు దగ్గరి పెద్దాయన అడగకపోయినా ఈయన మొదలుపెట్టాడు. ఆ కథలో ఇసుక అప్పటికే నడుం లోతు అయింది. టీచరమ్మ మూడు పల్టీలు కొట్టింది. ఆవిడ పక్కన నిలబడి మూతి బిగించుకుని అంతా విన్నది.

పెద్దాయన కడుపు పట్టుకుని నవ్వుతూ చిల్లర తేవడానికి లోపలికి వెళ్లాక, ఆవిడ భర్త దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"బాగానే చెప్పారు. కానీ నేను పడే చోటు మరీ వేగంగా దాటించేశారు. అక్కడ కాస్త నెమ్మదించండి."

"సరేనే" అన్నాడు ఆయన.

"వచ్చే బంకులో మళ్లీ చెప్పండి, చూస్తాను."