అట్టపెట్టెల మీది ఎలుగుబంటి

బీరు కాచే ఆ కార్ఖానాలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. యజమానురాలి దగ్గర్నుంచి లారీ డ్రైవర్ల దాకా అందరికీ ఆమె బొమ్మలక్కే. ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఒక్కటే: బెల్టు మీద వరసగా వచ్చే తడి సీసాలకు లేబుల్ నిటారుగా అంటుకుందో లేదో చూడటం. లేబుల్ వంకరగా అంటుకున్న సీసా ఆమె కళ్లుగప్పి గేటు దాటిన దాఖలా లేదు.

ఆ పేరెలా వచ్చిందంటే, కార్ఖానా తాతల నాటిది, లేబులూ తాతల నాటిదే. మూడు రకాల బీర్లకూ ఒకటే కోట బొమ్మ. అడుగున సన్నటి గీత రంగు మాత్రం వేరు. ఒకసారి నల్ల బీరు అడిగిన హోటలుకు గోధుమ బీరు వెళ్లింది. లోడింగ్ మేస్త్రి నానా చీవాట్లూ తిన్నాడు.

"ఈ గీతల గోల నా బుర్రకెక్కదక్కా!" అని అతను తల పట్టుకుంటే, ఆమె మార్కర్ తీసి అట్టపెట్టెల మీద గుర్తులు వేసింది. నల్ల బీరుకు కునుకు తీస్తున్న ఎలుగుబంటి. గోధుమ బీరుకు పిచ్చుక. చేదు బీరుకు మూతి తిప్పుకున్న పిల్లి. ఆ తర్వాత సరుకు తారుమారైంది లేదు.

ఈ ఏడాది లేబుళ్లు మార్చాలని యజమానురాలు ఒక డిజైనర్ అమ్మాయిని పిలిపించింది. నెల తిరక్కుండా ఆ అమ్మాయి బంగారు తీగలల్లిన మూడు లేబుళ్లు తెచ్చి భోజనాల గది గోడకు అంటించింది. అందరూ బాగున్నాయంటూ తలలూపారు.

"నువ్వేం మాట్లాడవేంటి?" అని యజమానురాలు బొమ్మలక్కను అడిగింది.

"బాగున్నాయమ్మగారూ. కానీ నాలుగడుగులు వెనక్కెళ్తే ఏది ఏదో తెలీదు. మేస్త్రికి మళ్లీ చీవాట్లే."

గది గొల్లుమంది. అమ్మాయి మొహం చిన్నబోయింది. అనవసరంగా నోరు జారానే అని బొమ్మలక్క మధ్యాహ్నమంతా నొచ్చుకుంది. సాయంత్రం ఆ అమ్మాయే గోడౌన్లోంచి పరుగున వచ్చింది.

"అక్కా, ఆ పెట్టెల మీద బొమ్మలు వేసింది మీరేనా?"

"అవి బొమ్మలేంటమ్మా, ఉత్త గుర్తులు."

"నాకు ఆ గుర్తులే కావాలి."

మర్నాడు మంచి తెల్ల కాగితం ముందు పెట్టేసరికి ఆమె చెయ్యి బిగుసుకుపోయింది. ఎలుగుబంటి కునుకు తీస్తున్నట్టు కాక, జబ్బుపడి లేచినట్టు వచ్చింది. పది కాగితాలు పాడయ్యాక అమ్మాయి లేచి వెళ్లి, చిరిగిన అట్టపెట్టె ఒకటి పట్టుకొచ్చింది. ఇక చూడాలి! పది నిమిషాల్లో మూడూ పూర్తయ్యాయి.

రంగులు అమ్మాయి అద్దింది. కార్ఖానా పేరు మాత్రం పాత అక్షరాల్లోనే ఉంచింది. ఎలుగుబంటి చేతిలో గ్లాసు పెడదామంటే బొమ్మలక్క ససేమిరా అంది.

"అది తాగి పడుకోలేదమ్మా. ఒళ్లొంచి పనిచేసి పడుకుంది."

యజమానురాలు పడీపడీ నవ్వి, గ్లాసు వద్దంది. లేబుల్ అంచున చిన్న అక్షరాల్లో బొమ్మలు వేసినవారి పేరు వేయాలని కూడా ఆవిడే పట్టుబట్టింది. ఏ పేరు వేయమంటావని అడిగితే, "అందరూ పిలిచేదే వేయండి" అంది బొమ్మలక్క.

కొత్త లేబుళ్లు బెల్టెక్కిన రోజు పనివాళ్లందరూ చుట్టూ మూగారు. మొదటి సీసా వచ్చింది. చప్పట్లు మోగాయి. ఆమె మాత్రం ఎర్ర మీట నొక్కి బెల్టు ఆపేసింది.

"ఏమైందక్కా?" అన్నాడు మేస్త్రి కంగారుగా.

"వెంట్రుకవాసి వంకర. నా బొమ్మయితే మాత్రం వదిలేస్తానా?"

జిగురు రోలరు సరిచేసి, మళ్లీ బెల్టు కదిలించాకే ఆమె పెదాల మీద నవ్వు విరిసింది.

వారం తిరిగాక బస్సు నడిపే ఆమె భర్త, ఎన్నడూ సీసా ముట్టని మనిషి, ఆ సీసాలను దుకాణంలో చూసి తీరాలని ఆమెను వెంటబెట్టుకెళ్లాడు. అరల నిండా పిల్లులూ పిచ్చుకలూ ఎలుగుబంట్లూ. ఎవరో కుర్రజంట వచ్చి, "ఆ అలిగిన పిల్లిది రెండివ్వండి" అన్నారు.

ఆయన ఆగలేకపోయాడు. "ఆ పిల్లిని వేసింది మా ఆవిడే! కింద పేరుంది, చూడండి."

వాళ్లు సీసా తిప్పి చదివి, ఆమె వంక చూసి, మళ్లీ చదివారు. ఆమెకు చెవులు వేడెక్కాయి.

"చాల్లెండి సంబడం, ఇంక పదండి" అంటూ ఆయన చెయ్యి పట్టి లాగింది గానీ, తను మాత్రం ఆ అర ముందు నుంచి అంగుళం కదల్లేదు.